కొండ మీద చలిలో సున్నం, సిమెంట్ కలిపిన మట్టి పని ఎలా చేయాలి

సాలూరు దాటి, సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ, ఒడిశా కోరాపుట్ వైపు రోడ్డు పనులకు వచ్చే మనవాళ్ళు చాలామంది కింద నేర్చుకున్న లెక్కనే పైకి తెచ్చుకుంటారు. మట్టిలో సున్నం కలిపాం, రోలర్ తిప్పాం, ఏడు రోజులు తడిపాం, ఇక పై పొర వేసేద్దాం అంటారు. ఏప్రిల్‌లో విజయనగరంలో ఆ లెక్కతో గడిచిపోతుంది. పుష్యమాసంలో పొట్టంగిలో గడవదు. మట్టి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, రోలర్ కింద కదలదు, మడమతో తొక్కినా దిగదు. నీలగిరి కర్ర లారీలు రెండు రోజులు తిరిగేసరికి చక్రాల దారిలో గుంట పడుతుంది. అప్పుడు సున్నం కల్తీదని సప్లయర్ మీద, నీళ్ళు ఎక్కువ పోశాడని ట్యాంకర్ డ్రైవర్ మీద పడతారు. చలి మాట ఎవరికీ గుర్తు రాదు.

చలికాలంలో పని ఆపేయమని చెప్పడం తేలికే కానీ ఇక్కడ కుదిరే మాట కాదు. వానలు అక్టోబరు నడిమి దాకా వదలవు. వాటి వెనకే తుఫానుల భయం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. నేల ఆరి మెషీన్లు దిగేసరికి దీపావళి దాటుతుంది. పనికి వీలైన రోజులు మొదలయ్యేదీ, చలి మొదలయ్యేదీ ఒకేసారి. అందుకని చలిలోనే చేయాలి. కాకపోతే రోజుల్ని లెక్కపెట్టడం మానేసి వేడిని లెక్కపెట్టాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగేదే.

చలి మట్టిని ఏం చేస్తుంది

సున్నం మట్టిలో రెండు పనులు చేస్తుంది. మొదటిది గంటల్లో అయిపోతుంది. సున్నంలోని కాల్షియం బంకమట్టి రేణువులకు పట్టుకుని వాటిని గుంపులు కట్టిస్తుంది. జిగట పోతుంది, ముద్దగా ఉన్న మట్టి పొడిపొడిగా రాలుతుంది, రోలర్‌కు అంటుకోవడం మానేస్తుంది. ఇది చలిలోనూ బాగానే జరుగుతుంది. రెండోది నెమ్మది పని. సున్నం వల్ల మట్టి నీటిలో క్షారం బాగా పెరుగుతుంది. ఆ క్షారానికి బంకమట్టిలోని సిలికా, అల్యూమినా కొద్దికొద్దిగా కరిగి, కాల్షియంతో కలిసి సిమెంట్ లాంటి బంధం కడతాయి. అసలు బలం అదే. దానికి వారాలు, నెలలు కావాలి. వేడి తగ్గేకొద్దీ అది మందగిస్తుంది, 4, 5 డిగ్రీల దగ్గర దాదాపు ఆగిపోతుంది.

మనం మోసపోయేది ఇక్కడే. మొదటి పని కళ్ళకు కనిపిస్తుంది కాబట్టి రెండోదీ అయిపోయిందనుకుంటాం. సాయంత్రానికి రోలర్ నున్నగా తిరిగిందంటే అది కేవలం జిగట పోయినందుకే, బలం వచ్చినందుకు కాదు.

అయితే ఇందులో ఊరట కూడా ఉంది. ఇడ్లీ పిండి వేసవిలో రాత్రికి రాత్రే పొంగుతుంది, చలికాలంలో మర్నాడు మధ్యాహ్నానికి గానీ పొంగదు. అంతమాత్రాన పారబోసుకోం. సున్నం కలిపిన మట్టీ అంతే. చలికి ఆగిపోయిన సున్నం చచ్చిపోదు, ఎండలు ముదిరాక ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలవుతుంది. ఆ లోపు దాన్ని ఎండనివ్వకూడదు, గాలి సోకనివ్వకూడదు, వాన నీటికి కడుక్కుపోనివ్వకూడదు, బండ్ల కింద నలగనివ్వకూడదు. గాలి ఎందుకు పనికిరాదంటే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలిన సున్నం సుద్దగా మారిపోతుంది. సుద్ద ఎంత ఎండ వచ్చినా మట్టితో కలవదు.

సిమెంట్ దారి వేరు. దానికి కావలసిన సరుకంతా దానిలోనే ఉంటుంది, నీళ్ళు చాలు. చలికి అది కూడా నెమ్మదిస్తుంది గానీ సున్నమంత మొండికేయదు. అన్నింటికన్నా బద్ధకం బూడిదది. సున్నం, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిపిన మిశ్రమానికి మైదానంలోనే 28 రోజుల బలం చూస్తారు. డిసెంబరులో కొండ మీద దాన్ని వాడితే మార్చి దాకా ఎదురు చూడటానికి సిద్ధపడాలి.

చలిదేశాల పుస్తకాలు చదివినవాళ్ళు నేల గడ్డకట్టి, కరిగి, ఉబ్బడం గురించి టెన్షన్ పడతారు. మనకు ఆ బాధ లేదు. బాగా చలి పట్టిన తెల్లవారుజామున పల్లపు గరిక మీద తెల్లటి పొర కనిపించవచ్చు, అంతే. అలాంటి ఉదయం తర్వాత కొత్త పొర పైన వేలి మందాన మట్టి పొల్లుగా లేస్తే దాన్ని ఊడ్చేయండి, మళ్ళీ రోలర్ తొక్కించి అతికించే ప్రయత్నం చేయకండి. మన అసలు సమస్య ఆలస్యం.

ముందు మట్టి వేడి కొలవండి

ఫోన్‌లో కనిపించే టెంపరేచర్ ఊరి గాలిది, మీ రోడ్డు మట్టిది కాదు. కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. జయపురం అంతకన్నా బాగా కింద. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి కొండ, 1672 మీటర్లు, ఈ పొట్టంగి పక్కనే. పది కిలోమీటర్ల పనిలో రెండు మూడు రకాల చలి ఉంటుంది. పైగా రాత్రి చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి దిగి అక్కడే నిలుస్తుంది. వాగు పక్కన వరి పండే జోలా భూముల వెంట పోయే ముక్క, పైన ఎండ తగిలే మెట్ట ముక్క కన్నా చల్లగా ఉంటుంది. ఎత్తు తక్కువ కదా, వెచ్చగా ఉంటుందిలే అనుకోవద్దు.

పొడవాటి పుల్ల ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి, ఖర్చు పెద్దగా ఉండదు. పొర మందం 15 సెంటీమీటర్లయితే మధ్యకు, అంటే 7, 8 సెంటీమీటర్ల లోతుకు గుచ్చండి. పొద్దున్న ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి చూసి రాసిపెట్టుకోండి. ఎండ పడే చోట ఒకటి, చెట్ల నీడ లేదా పల్లం ఉన్న చోట ఒకటి, కనీసం రెండు చోట్ల చూడండి. ఉదయపు అంకె చూసి భయపడక్కర్లేదు. రాత్రి చలి, పగటి ఎండ రెండూ పైపైనే ఎక్కువ ఆడతాయి, లోపలికి పోయేకొద్దీ ఆ ఊపు తగ్గి సగటు దగ్గర నిలుస్తుంది. బలం లెక్కకు కావలసింది ఆ సగటే.

కేంద్ర రోడ్డు మంత్రిత్వ శాఖ స్పెసిఫికేషన్లలో ఒక గీత ఉంది: నీడలో గాలి 10 డిగ్రీల కన్నా తక్కువ ఉన్నప్పుడు సున్నం కలిపే పని చేయకూడదు. చాలామంది దీన్ని పొద్దున్న పది దాటాక మొదలుపెడితే సరిపోయే నియమంగా చూస్తారు. పని మొదలుపెట్టడానికి అది సరిపోతుంది. ఆ మట్టికి బలం ఎప్పుడు వస్తుందో మాత్రం ఆ గీత చెప్పదు.

రోజులు కాదు, డిగ్రీ-రోజులు

కాంక్రీట్ వాళ్ళు 1950ల నుంచీ వాడుతున్న లెక్క ఇది. రోజు సగటు వేడిలోంచి, పని ఆగిపోయే వేడిని తీసేయండి. మిగిలింది ఆ రోజు సంపాదన. దాన్ని రోజురోజుకూ కూడుకుంటూ పొండి. మట్టికి ఇది అచ్చంగా అతకదు గానీ పనికొచ్చేంత దగ్గరగా వస్తుంది.

సున్నానికి ఆగిపోయే వేడి 5 డిగ్రీలు పెట్టుకోండి. ల్యాబ్‌లో మోల్డులు, అంటే బలం చూడ్డానికి అదే మిశ్రమంతో చేసిన దిమ్మలు, 27 డిగ్రీల దగ్గర ఉంచుతారు, అంటే రోజుకు 22 సంపాదన. 28 రోజులకు 616. ఇప్పుడు కొండ మీదకు రండి. రాత్రి 8, పగలు 24 అయితే సగటు 16, రోజు సంపాదన 11. 616 పోగవడానికి 56 రోజులు పడుతుంది. సరిగ్గా రెట్టింపు. మధ్యాహ్నం దాకా మంచు విడవని, సగటు 12 దాటని పల్లంలో రోజుకు 7 మాత్రమే. అక్కడ 88 రోజులు. నవంబరు ఆఖరున సున్నం కలిపిన ముక్కకు ల్యాబ్ వాళ్ళ 28 రోజుల బలం ఫిబ్రవరి చివరికి వస్తుందన్నమాట.

సిమెంట్‌కు ఆగే వేడి సున్నా పెట్టుకోండి. ల్యాబ్‌లో 7 రోజులకు 189. కొండ మీద సగటు 16 అయితే 12 రోజులు, 12 అయితే 16 రోజులు. ఏడు రోజుల బలం కోసం రెండు వారాలు ఆగడం ఎవరికైనా సాధ్యమే. చలి నడిమధ్యలో సిమెంట్ ఎందుకు వాడాలో ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ లెక్క సున్నం విషయంలో కాస్త ఉదారంగానే ఉంటుంది. చలి పెరిగేకొద్దీ సున్నం పని ఈ లెక్క చెప్పినదానికన్నా ఎక్కువే మందగించవచ్చు. అందుకని వచ్చిన అంకెను అప్పు తీర్చే గడువుగా కాక, అంతకు ముందు అడగకూడదు అనే గీతగా చూడండి.

ల్యాబ్ రిపోర్టు చేతికి వచ్చినప్పుడు బలం అంకె కన్నా ముందు, మోల్డులు ఎంత వేడిలో ఉంచారో చూడండి. తొందరగా రిపోర్టు ఇవ్వడానికి సున్నం మోల్డులను 40 డిగ్రీల దగ్గర 7 రోజులు ఉంచే పద్ధతి ఒకటి ఉంది. మిశ్రమం పనికొస్తుందా లేదా తేల్చడానికి అది మంచి పద్ధతే. అది చూసి, మన రోడ్డూ ఏడు రోజుల్లో అలా అవుతుందనుకుంటే కొంప మునుగుతుంది. మట్టిని గట్టిపరుస్తుందని డబ్బాల్లో ద్రవం అమ్మేవాళ్ళ దగ్గర కూడా ఇదే అడగండి. 27 డిగ్రీల రిపోర్టు అందరి దగ్గరా ఉంటుంది. 12 డిగ్రీల దగ్గర ఉంచి పగలగొట్టిన మోల్డు రిపోర్టు ఉంటే చూపించమనండి.

ఏ ముక్క ఎప్పుడు చేయాలో ముందే గీసుకోండి

మామూలుగా సున్నా కిలోమీటరు నుంచి మొదలుపెట్టి వరసగా పోతారు. చలి ఉన్న చోట ఆ వరస తప్పు. బంకమట్టి ఉన్న పల్లపు ముక్కలకు సున్నమే కావాలి కాబట్టి వాటిని అన్నిటికన్నా ముందు, కార్తీకంలో నేల ఆరగానే అందుకోండి. చలి ముదిరే లోపు కొన్ని వారాల వెచ్చదనం దొరుకుతుంది. డిసెంబరు, జనవరిల్లో ఎండ బాగా పడే మెట్ట ముక్కల్లో సిమెంట్ పని పెట్టుకోండి. కార్తీకంలో అందుకోలేకపోయిన పల్లాలుంటే వాటిని వదిలేసి, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక పట్టుకోండి. కల్వర్టులు, సైడు గోడలు, డ్రెయిన్ల పని ఆ ఖాళీలో చేసుకోవచ్చు. మెషీన్ అటూ ఇటూ తిప్పడానికి డీజిల్ కొంచెం ఎక్కువవుతుంది. ఒక ముక్క తవ్వి మళ్ళీ చేయడంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

మట్టికి తగిన మందు

ఈ ప్రాంతంలో మెట్ట మీద ఎక్కువగా ఎర్రమట్టి, లేటరైట్ గ్రావెల్. వీటిలో జిగట తక్కువ. వీటికి సున్నం కన్నా సిమెంట్ బాగా పనిచేస్తుంది. చేత్తో నలిపితే సాగి, దారంలా తిరిగే పల్లపు మట్టికి సున్నం. ప్లాస్టిసిటీ ఇండెక్స్, అంటే మట్టి జిగటను చెప్పే అంకె, 10 కన్నా తక్కువ ఉన్న మట్టిలో సున్నం పోసి బలం కోసం ఎదురు చూడటం వృథా, అందులో సున్నానికి పని చేయడానికి బంకే లేదు.

సిమెంట్ కొనేటప్పుడు బస్తా మీద రాసింది చదవండి. ఒడిశాలో ఉక్కు ఫ్యాక్టరీల స్లాగ్ దొరుకుతుంది కాబట్టి స్లాగ్ సిమెంట్, అంటే బస్తా మీద పీఎస్‌సీ అని ఉండేది, అంగళ్ళలో ఎక్కువ. బూడిద కలిసిన పీపీసీ కూడా అంతే. ఇవి చెడ్డ సిమెంట్లు కావు. స్లాబుకు నేనూ వీటినే వాడమంటాను. కానీ మొదటి రెండు వారాలు చలిలో ఇవి ఓపీసీ, అంటే స్లాగ్, బూడిద కలపని మామూలు సిమెంట్ కన్నా నెమ్మదిగా పనిచేస్తాయి. డిసెంబరు, జనవరి మట్టి పనికి ఓపీసీ దొరికితే అదే తెప్పించండి. అది దొరక్క స్లాగ్ సిమెంట్‌తోనే చేయాల్సి వస్తే గడువులో ఇంకో వారం కలుపుకోండి.

సున్నంలో చూడాల్సింది తాజాదనం. స్పెసిఫికేషన్ ప్రకారం దానిలో స్వచ్ఛమైన సున్నం 70 శాతానికి తగ్గకూడదు. బట్టీ దగ్గర ఆ మాత్రం ఉన్నా, చిరిగిన బస్తాల్లో నెల రోజులు షెడ్డులో పడి ఉంటే గాలికి కొంతకొంతగా సుద్ద అయిపోతుంది. పొగమంచు పట్టే చోట ఇంకా త్వరగా. వారానికి సరిపడా మాత్రమే తెప్పించుకోండి, చెక్కల మీద పేర్చి పట్టా కప్పండి.

చల్లార్చని సున్నం నీళ్ళు తగిలితే బాగా వేడెక్కుతుంది కదా, చలికి అదే మందు అని కొందరంటారు. సగం నిజం. మట్టి వెచ్చబడేది నిజమే, తడి ఎక్కువున్న మట్టి ఆరడానికి కూడా పనికొస్తుంది. ఆ వెచ్చదనం గంటల్లో ఆరిపోతుంది, వారాల తరబడి కావలసిన వేడికి అది చాలదు. దాని బదులు కళ్ళు, చేతులు కాలే ప్రమాదం మాత్రం బాగా ఉంది. వాడితే కళ్ళద్దాలు, గ్లౌజులు, బూట్లు లేకుండా ఒక్క కూలీని కూడా దగ్గరికి రానివ్వకండి, శుభ్రమైన నీళ్ళ డ్రమ్ము చేతికందేలా పెట్టండి. కంట్లో పడితే ముందు నీళ్ళతో చాలాసేపు కడగాలి, ఆస్పత్రి ఆ తర్వాత.

చలి ఉంది కదా, సిమెంట్ రెండు శాతం ఎక్కువ వేద్దాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. నేనైతే వద్దంటాను. తొలి బలం కాస్త ముందు వస్తుంది, నిజమే. ఎండలు వచ్చాక అదే సిమెంట్ మట్టిని అవసరానికి మించి గట్టిగా చేసి, ముడుచుకుపోయేలా చేసి, అడ్డంగా పగుళ్ళు తెస్తుంది. ఆ పగులు తారు పైకి వస్తుంది. సున్నం మట్టికి తొలి బలం తప్పనిసరైతే, సున్నం వేసి జిగట పోయాక కొద్దిగా సిమెంట్ కలపడం మంచి దారి. ఎంత అన్నది ల్యాబ్‌లో మీ మట్టితోనే తేల్చుకోండి.

సైట్ షెడ్డులో పీహెచ్ పరీక్షతో జాగ్రత్త

ఎంత శాతం సున్నం కావాలో తేల్చడానికి మట్టిలో రకరకాల పాళ్ళలో సున్నం కలిపి, నీళ్ళు పోసి, పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే అంకె) 12.4 వచ్చిన అతి తక్కువ పాలు తీసుకుంటారు. ఆ 12.4 అన్న అంకె 25 డిగ్రీల దగ్గరిది. సున్నం తేరిన నీటి పీహెచ్ చల్లబడేకొద్దీ పెరుగుతుంది: 25 డిగ్రీల దగ్గర సుమారు 12.45, 20 దగ్గర 12.6, 10 దగ్గర దాదాపు 13. పొద్దున్నే 12 డిగ్రీల చలిలో రేకుల షెడ్డులో మీటరు ముంచితే, సున్నం చాలని సీసాలో కూడా 12.4 కనిపించేస్తుంది. మీటర్లో టెంపరేచర్ సర్దుబాటు ఉన్నా అది మీటరు పుల్ల లోపాన్నే సర్దుతుంది, సున్నపు నీటి గుణాన్ని మార్చదు. అలా తక్కువ పాలుతో పని మొదలుపెడితే చలి తోడై రెండు దెబ్బలు తగులుతాయి. సీసాలను గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో పెట్టి 25కు తెచ్చాక కొలవండి. లేదా మధ్యాహ్నం, గదిలో చేయండి.

పని రోజు ఎలా గడవాలి

తెల్లవారే కూలీలు వచ్చినా కలపడం మొదలుపెట్టకండి. ఆ వేళ మట్టి గడ్డల మీద మంచు తడి ఉంటుంది, బయట తడిగా లోపల పొడిగా ఉండి తేమ కొలత తప్పు చూపిస్తుంది. ముందు ఉత్త మట్టిని రోటవేటర్‌తో ఒకసారి తిరగేసి ఎండకు వదిలేయండి. తొమ్మిదిన్నర, పదికి పొగమంచు విడిచాక, నీడలో 10 దాటాక, తేమ మళ్ళీ చూసి అప్పుడు సున్నమో సిమెంటో పరవండి.

సిమెంట్ అయితే కలిపిన రెండు గంటల్లో రోలింగ్ అయిపోవాలి. చలికి సెట్ అవడం ఆలస్యం కాబట్టి ఇంకాస్త టైముందని సాగదీయకండి. మధ్యాహ్నం ఇక్కడ పొడి గాలి వీస్తుంది, సెట్ అవడం కన్నా ముందు పైన ఆరిపోతుంది. ఎంత పొడవు పరిచారో అంత పొడవూ మూడింటికల్లా నొక్కడం అయిపోయేలా ముక్కలు చిన్నవిగా పెట్టుకోండి. మైదానంలో రోజుకు చేసే పొడవులో సగానికి కొంచెం ఎక్కువ చాలు.

బాగా జిగట ఉన్న మట్టిలో సున్నం కలిపి ఒకటి రెండు రోజులు మగ్గనిచ్చి, మళ్ళీ కలిపి నొక్కుతారు కదా, చలిలో ఆ మగ్గడానికి ఇంకో రోజు ఇవ్వండి. ఆ రోజుల్లో గుల్లగా వదిలేయకండి, పైపైన ఒక్కసారి రోలర్ తొక్కించి గాలి దూరకుండా మూసి, తడిగా ఉంచండి.

నీళ్ళు ట్యాంకర్‌లో రాత్రంతా నిలవ ఉంచితే పొద్దున్నకు ఐసులా ఉంటాయి. ట్యాంకర్ మధ్యాహ్నం నింపి అప్పుడే వాడండి. నీళ్ళు కాచి పోయడం లాంటివి మట్టి పనిలో అనవసరం.

కప్పడం

అన్ని పనుల్లోకీ ఇదే ముఖ్యం, అందరూ వదిలేసేదీ ఇదే. మైదానంలో క్యూరింగ్ అంటే రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లడం. ఇక్కడ సాయంత్రం నాలుగింటికి చల్లిన నీళ్ళు రాత్రి మట్టి వేడిని లాగేస్తాయి. అందుకని చల్లడం కన్నా ఉన్న తడిని, ఉన్న వేడిని పోనివ్వకుండా మూయడం మేలు.

రోలింగ్ అయిన వెంటనే, పొద్దు వాలక ముందే, నల్ల పాలిథిన్ షీట్ పరవండి. అంచులు మట్టితో తొక్కేయండి, లేకపోతే ఘాటీ గాలికి తెల్లారేసరికి పొలాల్లో ఉంటుంది. షీట్ మీద జానెడు మందాన వరిగడ్డి. కోతలు నవంబరు, డిసెంబరుల్లోనే కాబట్టి గడ్డి పక్క ఊళ్ళోనే దొరుకుతుంది. గడ్డిని షీట్ కింద కాదు, పైన వేయాలి. కింద వేస్తే మట్టిలోని తడిని గడ్డే తాగేస్తుంది. వీలైతే పది గంటలకు గడ్డిని పక్కకు లాగి నల్ల షీట్‌కు ఎండ తగలనివ్వండి, మూడున్నరకు మళ్ళీ కప్పండి. ఇద్దరు మనుషుల పని. షీట్ ఎత్తి చూస్తే అడుగున నీటి బొట్లు వరసగా కట్టి ఉండాలి, లేకుంటే ఎక్కడో చిరుగు ఉందన్నమాట. పశువులకు ఈ గడ్డి సంగతి మనకన్నా ముందు తెలుస్తుంది, రాత్రి కాపలా వాడికి అది కూడా చెప్పండి.

షీట్ బదులు తారు ఎమల్షన్ చల్లే పద్ధతి కూడా ఉంది. తడిని బాగా మూస్తుంది, నలుపు కాబట్టి ఎండను పట్టుకుంటుంది. చలిలో అది విరగడానికి, అంటే నీరు విడిపోయి తారు మిగలడానికి, ఎక్కువ టైం తీసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి ముందే చల్లండి.

స్పెసిఫికేషన్ చెప్పే ఏడు రోజులు కనీసపు హద్దు. మీరు డిగ్రీ-రోజుల పుస్తకం చూసుకుని, అది నిండే దాకా కప్పే ఉంచండి. ఊళ్ళో వాళ్ళకు పక్కన దారి ఇవ్వకుండా రోడ్డు మూస్తే రెండో రాత్రికే ట్రాక్టర్ దానిమీదుగా పోతుంది. కాబట్టి షీట్ కన్నా ముందు పక్కదారి చదును చేయించండి, సర్పంచ్‌కు తేదీ చెప్పండి. చెప్పేటప్పుడు లెక్కలో వచ్చిన తేదీకి వారం కలిపే చెప్పండి.

రెండు జతల మోల్డులు

ఎవరైనా చేసేది ఒక జత మోల్డులు, ల్యాబ్‌కు పంపడం. మీరు రెండు జతలు వేయండి. ఒకటి మామూలుగా 27 డిగ్రీల దగ్గర. అది మీ మిశ్రమం సంగతి చెబుతుంది. రెండోది ప్లాస్టిక్ కవరులో గట్టిగా చుట్టి, రోడ్డు పక్కనే పొర లోతులో పాతిపెట్టి, మీద అదే షీట్, అదే గడ్డి. అది మీ రోడ్డు సంగతి చెబుతుంది. సన్నమట్టికి 50 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు మోల్డు, గ్రావెల్ కలిసిన దానికి 100 వెడల్పు, 200 ఎత్తు. పరీక్ష భారత ప్రమాణం ఐఎస్ 4332 ఐదో భాగం ప్రకారం. పాతిన జతలో కనీసం ఆరు ఉంటే మూడు ఇప్పుడు, మూడు ఇంకో నెలకు పగలగొట్టవచ్చు.

పని చూసే ఇంజినీరు, ఏఈ గారు మొదట ఇదంతా దండగ అంటారు. ల్యాబ్ జత పాసై పాతిన జత ఫెయిలైతే, మిశ్రమం మంచిదే, టైం చాలలేదని చూపించే కాగితం మీ చేతిలో ఉంటుంది. గడువు పొడిగింపు అడగడానికి చలి ఎక్కువగా ఉందండీ అని నోటితో చెప్పడం కన్నా ఆ కాగితం, థర్మామీటర్ పుస్తకం బాగా పనిచేస్తాయి.

పై పొర వేసే ముందు

డీసీపీ తెప్పించండి. 8 కిలోల సుత్తి 575 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడి, మొన ఉన్న కడ్డీని మట్టిలోకి దించే పరికరం. ఒక్కో దెబ్బకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) సూత్రం ప్రకారం దెబ్బకు 20 దిగితే సీబీఆర్, అంటే మట్టి ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె, సుమారు 10, పది దిగితే 22, ఐదు దిగితే 48. మందు కలిపిన మట్టికి ఈ సీబీఆర్ అంకెను అక్షరాలా నమ్మకండి. ఒకే ముక్కలో, దగ్గర దగ్గర చోట్ల, వారానికోసారి కొట్టి పోల్చుకోండి. వారం వారం దిగడం తగ్గుతుంటే పని నడుస్తోంది. రెండు వారాలు అలాగే నిలిచిపోయి, అడిగిన బలం ఇంకా రాకపోతే, ఆగిందో అయిపోయిందో తేల్చుకోవాలి.

దానికి ఒక చిన్న గొయ్యి చాలు. పొర మందమంతా కనిపించేలా గునపంతో నిలువుగా కోయండి. తాజాగా కోసిన ఆ ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లండి, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులకు సరుకు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. సున్నం బతికి ఉన్న చోట క్షణంలో ముదురు గులాబీ రంగు వస్తుంది. సుద్ద అయిపోయిన చోట మట్టి రంగే ఉంటుంది. సాధారణంగా పైన వేలి మందం రంగు రాకుండా, కింద అంతా గులాబీగా కనిపిస్తుంది. ద్రావణం దొరక్కపోతే పసుపు నీళ్ళలో ముంచిన తెల్లగుడ్డను తడిపిన కోత మీద అదిమి పట్టండి. పారాణిలో పసుపును ఎర్రగా మార్చేది సున్నమే, ఇక్కడా అంతే. ఎర్రమట్టి మీద నేరుగా పసుపు చల్లితే మాత్రం ఏమీ తెలియదు, గుడ్డ మీదే చూడాలి.

రంగు బాగా వచ్చి బలం రాకపోతే సున్నం ఇంకా పని చేయడానికి ఉంది, వేడి చాలలేదు. షీట్ మళ్ళీ కప్పేసి ఆగండి, మార్చి ఎండలకు అది లేస్తుంది. పైన రెండు సెంటీమీటర్ల దాకా రంగు రాకపోతే ఆ మందం గీకేసి పై పొర వేసుకోవచ్చు. సగం పొర దాకా రంగు లేకపోతే, అది ఆరిపోయో, గాలి తగిలో, కడుక్కుపోయో పోయిన సున్నం. ఎంత ఎండ కాచినా తిరిగి రాదు. ఆ ముక్కను రోటవేటర్‌తో లేపి, మట్టి నమూనా మళ్ళీ ల్యాబ్‌కు పంపి, వాళ్ళు చెప్పిన పాలు కొత్త సున్నం కలిపి, ఈసారి శివరాత్రి దాటాక నొక్కండి.

సిమెంట్ పొరకు ఈ రంగు పరీక్షతో పని లేదు, సిమెంట్ పట్టినా పట్టకపోయినా గులాబీ రంగే వస్తుంది. దానికి పాతిపెట్టిన మోల్డులు, డీసీపీ, రెండే ఆధారం.